జేబులు

ముప్పై ఎనిమిదేళ్లు
శేషావతారం గారి బట్టలు నేనే ఇస్త్రీ చేశాను.
ఊళ్లో వాళ్లకి ఆయన గనులు తెలుసు.
నాకు కాలర్లు తెలుసు.

మొదట్లో ఒక్కటే చొక్కా.
రాజరాజేశ్వరీపేట లోకో షెడ్డు గోడ పక్కన
ఇంజన్లు దులిపిన బూడిదలో
కాలీ కాలని ముక్కలు ఏరి
వన్‌టౌన్ ఇడ్లీ హోటళ్లకి గంపలెక్కన పోసే కుర్రాడు.
రాత్రి పూట వచ్చి, చొక్కా విప్పి ఇచ్చి,
తువ్వాలు కప్పుకుని నా బండి పక్కన కూర్చునేవాడు.
అది అయ్యేదాకా నోటిలెక్కలు.
"నీది కట్టె బొగ్గు, అంకయ్యా, ఒక్క పూట మంట.
నాది రాక్షసి బొగ్గు.
చూస్తూ ఉండు, దాని మీద ఊళ్లు బతుకుతాయి."
నేను నవ్వి నిప్పు మీద ఊదాను.
నుసి ఇద్దరి మొహాల మీదా పడింది.

తర్వాత రెండు చొక్కాలు, నాలుగు, డజను.
డిపో పెట్టిన ఏడు చేతి మడతల్లో నలుపు.
ఆటోనగర్లో లారీలు కట్టించిన ఏడు
వీపు మీద డీజిల్.
కొత్తగూడెం అవతల మట్టి తీసే కాంట్రాక్టు దొరికితే
మా సుబ్బులు ఎంత బాదినా వదలని ఎర్రమన్ను.
ఆ పైన ఒరిస్సాలో సొంత గని.
ఇక మరకే లేదు.
చొక్కాలు పోయి లాల్చీలు వచ్చాయి.
మొగల్రాజపురం మేడ నుంచి
డ్రైవరు తెచ్చిన మూట విప్పితే
అన్నీ కొంగలే.
బొగ్గుని పాలతో కడిగినా నలుపు పోదంటారు.
పోతుందండీ.
దూరంగా పెట్టి కడిగితే పోతుంది.

ఒక ఎలక్షన్ ముందు ఖద్దరు వచ్చింది,
పదకొండు జతలు, గంజి దండిగా పెట్టమని.
టికెట్టు రాలేదు.
ఖద్దరూ మళ్లీ రాలేదు.

పుష్కరాలు వెళ్లిన మరుసటి వానాకాలం
ఉతికిన లాల్చీ జేబులో కాగితం, ముద్దగా.
మెల్లగా విప్పి, బల్ల మీద పరిచి,
పైన గుడ్డ వేసి పెట్టె ఆనించాను.
బాల్‌పెన్ను సిరా, చెరగలేదు.
నాది మూడో తరగతి చదువు,
పేర్లు చదవగలను.
తొమ్మిది.
ఎనిమిది ఈ వైపు పేర్లు కావు, నోరు తిరగలేదు.
తొమ్మిదోది కంచికచర్ల నాగుల్‌మీరా.
ప్రతి పేరు పక్కనా ఒకే అంకె.
నాగుల్‌మీరాది కొట్టేసి, తగ్గించి, మళ్లీ రాశారు.
ఎందుకు తగ్గించారో
ఇప్పటికీ నాకు తెలియదు.
టీ కొట్టు దగ్గర వారం రోజులు పేపరు తిరగేశాను.
ఏ గని గురించీ ఏమీ లేదు.

కాగితం మడిచి అదే జేబులో పెట్టి పంపాను.
ఆయన ఏమీ అనలేదు.
ఆ నెల డబ్బులు డ్రైవరు లెక్కపెట్టకుండా ఇచ్చాడు,
నేనూ లెక్కపెట్టకుండా తీసుకున్నాను.
అది చెప్పాలి కదా.
ఆ మీదట వచ్చిన ప్రతి లాల్చీకీ
జేబులు బయటికి తిప్పి ఉండేవి,
ఎండలో కుక్క నాలుకల్లాగా.

చివర్లో ఒక్కసారి ఆయనే వచ్చారు.
కారు దిగలేదు, అద్దం దించారు.
"ఇంకా కట్టె బొగ్గేనా, అంకయ్యా?"
మా వాడు కొనిచ్చిన కరెంటు పెట్టె ఎత్తి చూపించాను.
దగ్గుతూనే నవ్వారు.
ఇబ్రహీంపట్నం పొగగొట్టాల దిక్కుకి చెయ్యి ఊపి
"అయితే నువ్వూ నా బేరానివే" అన్నారు.
నాగుల్‌మీరా ఎవరండీ అని అడుగుదామని
నోరు తెరిచాను.
"గంజి తగ్గించు, మెడ కోసుకుపోతోంది" అన్నారు.
అద్దం పైకి వెళ్లింది.
అందులో నా బండి కనిపించింది, నేను కనిపించాను.

మొన్న మాఘంలో పోయారు.
రెండు లాల్చీలు నా దగ్గరే ఉండిపోయాయి.
ఎవరైనా వస్తారని కొక్కేనికి తగిలించాను,
రోడ్డు దుమ్ము పడుతోంది.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది.
పాత పెట్టె దింపి, బొగ్గులు పోసి, ఊది,
ఊరికే ఉండలేక
ఆ రెండూ ఇంకోసారి చేశాను.
జేబులు లోపలికి తోసి.